తొలి టెస్టు సారథి మన కనకయ్య నాయుడు

భారతదేశం మొట్టమొదటి టెస్టు మ్యాచ్ ఆడిన నాడు జట్టును వెంటబెట్టుకుని మైదానంలోకి దిగిన కెప్టెన్ ఒక తెలుగువాడు. ఈ సంగతి ఎంతమందికి తెలుసని మన కాలేజీలో అడిగితే లేచే చేతులు తక్కువే. ప్రపంచ కప్పులు తెచ్చిన కెప్టెన్ల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అజారుద్దీన్, లక్ష్మణ్, సిరాజ్ మా హైదరాబాద్ వాళ్లేనని ఛాతీ విరుచుకుంటాం. విరుచుకోవాల్సిందే! కానీ వాళ్లందరికీ ముందు దారిలేని చోట దారి తొక్కిన కొఠారి కనకయ్య నాయుడిని మాత్రం ఒక ట్రోఫీ పేరుగానే విన్నాం తప్ప మనిషిగా ఎరగం. అండర్-23 పోటీలకు సి.కె. నాయుడు ట్రోఫీ అని పేరు. ఆ 'సి.కె.' ఎవరు? ఆయన ఏం చేశారు? దానికి జవాబుగానే ఈ నాలుగు మాటలు.

బందరు మూలం, నాగపూర్ జననం

కొఠారివారి పూర్వీకులది బందరు. కనకయ్య గారి తాత నారాయణస్వామి నాయుడు న్యాయవాదిగా నాగపూర్ వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చినవారు. అలాంటి చదువుకున్న, కలిగిన కుటుంబంలో 1895 అక్టోబర్ 31న కనకయ్య జన్మించారు. నాగపూర్‌లోనే చదువు, నాగపూర్‌లోనే ఆట. క్రికెట్ ఒక్కటే కాదు, హాకీ, ఫుట్‌బాల్ కూడా బాగా ఆడేవారు. పొడవాటి మనిషి, నిటారు నడక, ఎక్కడా కొవ్వు పట్టని శరీరం. ఆ శరీరాన్ని అరవై ఏళ్లు దాటేదాకా అలాగే కాపాడుకున్నారు.

మా మదీనాగూడ మీదుగా పోయే ముంబై హైవేను రోజూ చూస్తూనే ఉంటాం. ఆ జాతీయ రహదారి 65కు ఒక కొస పుణె అయితే రెండో కొస మచిలీపట్నం, అనగా మన బందరే. తాతల కాలంలో ఈ దిక్కంతా పొలాలు. ఇప్పుడు అపార్టుమెంట్లు, ఐ.టి. కంపెనీల బస్సులు. మిగిలిన ఖాళీ ప్లాట్లలో ఆదివారం పూట పోరగాళ్లు టెన్నిస్ బంతితో ఆడుతుంటారు. బ్యాటు కొనలేనివాడు కూడా ఆడే ఆట అయింది ఇవాళ క్రికెట్. నాయుడు గారు ఆట మొదలుపెట్టిన నాడు పరిస్థితి ఇది కాదు. ఆట దొరలది, ఆటకు పెట్టుబడి రాజులది. నడుమ మామూలు ఆటగాడికి దక్కేది వాళ్ల దయ మీద ఆధారపడిన చోటు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే గానీ ఆయన జీవితం అర్థం కాదు.

ఆ రోజుల్లో బొంబాయిలో జరిగే క్వాడ్రాంగ్యులర్ పోటీలే దేశంలో అతి పెద్ద క్రికెట్ పండుగ. జట్లు ఊళ్లను బట్టి కాదు, మతాలను, జాతులను బట్టి ఉండేవి: హిందువులు, ముస్లిములు, పార్సీలు, యూరోపియన్లు. 1916లో యూరోపియన్ల మీద హిందూ జట్టు తరఫున ఇరవై ఒక్క ఏళ్ల నాయుడు మొదటిసారి బరిలో దిగారు. 79 పరుగులకు ఏడు వికెట్లు పోయి జట్టు కుదేలై ఉంది. తొమ్మిదో నంబరులో వచ్చిన ఈ కుర్రవాడు మొదటి మూడు బంతులు బుద్ధిగా ఆపి, నాలుగో బంతిని సిక్సర్ కొట్టారు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆయన ఆట ఆ నాలుగు బంతుల తీరులోనే సాగింది. చూసి, అంచనా వేసి, ఆపైన ఎవరికీ భయపడకుండా కొట్టడం.

1923లో ఇండోర్ పాలకుడు తుకోజీరావు హోల్కర్ ఆయన్ని పిలిపించి తమ సైన్యంలో కొలువు ఇచ్చారు. అప్పటి నుంచి ఇండోరే ఆయన ఊరు. తర్వాత దేశమంతా కల్నల్ నాయుడు అని పిలిచింది. ఒక రాజు కొలువు చేస్తూనే, రాజులకంటే మిన్నగా ఆడి వాళ్ల పక్కన తలెత్తుకు నిలబడాల్సిన చిత్రమైన స్థితి ఆయనది.

పదకొండు సిక్సర్లు

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. వచ్చినవాళ్లలో టెస్టు ఆటగాళ్లున్నారు. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో మ్యాచ్. డిసెంబర్ 1న నాయుడు బ్యాటు పట్టుకుని వచ్చారు. 116 నిమిషాల్లో 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. లెక్క వేసుకోండి మిత్రులారా! 118 పరుగులు బౌండరీల మీదుగానే వచ్చాయి. పరుగెత్తి తీసినవి ముప్పై అయిదే. ఊళ్లో వార్త పాకి ఆఫీసుల్లో ఉన్నవాళ్లు కూడా వచ్చి పడ్డారని, చెట్లూ మేడలూ జనంతో నిండిపోయాయని చెప్పుకుంటారు. ఎం.సి.సి. వాళ్లు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

ఈ ఇన్నింగ్స్ ఒక వినోదంతో ముగిసిపోలేదు. భారతీయులు టెస్టు స్థాయి బౌలర్లను తట్టుకోగలరా అని అప్పటిదాకా ఉన్న అనుమానానికి ఇది గట్టి జవాబయింది. గిల్లిగన్ ఇక్కడి పెద్దలతో మాట్లాడి దేశానికంతా కలిపి ఒక బోర్డు ఉండాలని ప్రోత్సహించారు. 1928లో భారత క్రికెట్ కంట్రోల్ బోర్డు ఏర్పడింది. నాలుగేళ్లకు టెస్టు ఆడే అవకాశం వచ్చింది. ఒక్క ఇన్నింగ్స్ వల్లనే దేశానికి టెస్టు హోదా వచ్చిందంటే అది అతిశయోక్తే. కానీ తలుపు మీద పడిన గట్టి దెబ్బల్లో అది ఒకటి.

లార్డ్స్‌లో మొదటి రోజు

1932 ఇంగ్లండు పర్యటనకు వెళ్లిన జట్టుకు కెప్టెన్ పోరుబందరు మహారాజా, వైస్ కెప్టెన్ లింబ్డి రాజకుమారుడు. కెప్టెన్ అంటే సంస్థానాధీశుడే అయివుండాలన్న రోజులవి. ఎందుకంటే భిన్న మతాల, భిన్న ప్రాంతాల ఆటగాళ్లు ఒక మామూలు మనిషి మాట వినరని పెద్దల భయం. అయితే పోరుబందరు మహారాజాలో ఒక మంచి గుణం ఉంది. తన ఆట ఎంతో తనకు తెలుసు. అందుకే లార్డ్స్ టెస్టుకు తాను తప్పుకున్నారు. లింబ్డి దెబ్బ తగిలి ఆడలేకపోయారు. అలా 1932 జూన్ 25న భారత తొలి టెస్టు సారథ్యం మన నాయుడు గారికి దక్కింది. అప్పటికి ఆయన వయసు 36. కటువైన క్రమశిక్షణ గల మనిషి కావడంతో ఆయన నాయకత్వం జట్టులో అందరికీ రుచించలేదు కూడా. అదీ ఆయన మోసిన బరువు.

ఎదుటి కెప్టెన్ డగ్లస్ జార్డిన్. ఇంగ్లండు మొదట బ్యాటింగ్ చేసింది. మన నిసార్, అమర్‌సింగ్ నిప్పులు చెరిగారు. 19 పరుగులకే మూడు వికెట్లు! చూడవచ్చిన ఇంగ్లండు జనం నోళ్లు తెరిచారు. చివరికి వాళ్లు 259కి చేరుకున్నారు. ఫీల్డింగ్‌లో నాయుడు చేతికి గాయమైంది. ఆ చేత్తోనే ఆడి మన 189 పరుగుల్లో అందరికంటే ఎక్కువగా 40 చేశారు. రెండో ఇన్నింగ్స్‌లో మనవి 187. 158 పరుగుల తేడాతో ఓడాం. ఓడినా, మొదటిసారి పరీక్ష రాసిన విద్యార్థి తెల్లకాగితం ఇచ్చి రాలేదు. ప్రశ్నలడిగినవాళ్లను కూడా కాసేపు కంగారు పెట్టి వచ్చాడు.

ఆ పర్యటన మొత్తంలో నాయుడు చేసిన శ్రమ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 26 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఉంటే అన్నీ ఆడారు. 1,618 పరుగులు, 65 వికెట్లు. లార్డ్స్‌లోనే ఎం.సి.సి. మీద 118 నాటౌట్. బర్మింగ్‌హామ్‌లో కొట్టిన ఒక సిక్సర్ మైదానం పక్కన పారే రీ నది అవతల పడింది. ఆ నదే రెండు కౌంటీలకు హద్దు గనుక ఒక జిల్లాలో కొడితే ఇంకో జిల్లాలో పడిందని సరదాగా చెప్పుకుంటారు. మరుసటి ఏడు విజ్డెన్ గ్రంథం ఆ సంవత్సరపు అయిదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఆయన పేరు చేర్చింది. భారత జట్టుకు ఆడి ఆ గౌరవం అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

1933 డిసెంబర్‌లో జార్డిన్ జట్టు ఇక్కడికి వచ్చింది. మన గడ్డ మీద తొలి టెస్టు మళ్లీ అదే బొంబాయి జింఖానాలో. లాలా అమర్‌నాథ్ 118 కొట్టి భారతదేశానికి మొదటి టెస్టు సెంచరీ తెచ్చారు. రెండో కొసన నిలబడి 67 చేసినవారు కెప్టెన్ నాయుడు. మూడో వికెట్‌కు ఇద్దరూ కలిపి 186. సెంచరీ వీరుణ్ణి అందరూ గుర్తు పెట్టుకుంటారు గానీ, కుర్రవాడు దూకుతుంటే పక్కన కాపు కాసిన పెద్దను మరిచిపోతారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాం, కలకత్తాది డ్రా అయింది.

ఇద్దరు తెలుగువాళ్లు, ఒక చేదు కథ

ఇక 1936 సంగతి. దాన్ని దాటేసి రాస్తే న్యాయం కాదు. ఇంగ్లండు పర్యటనకు కెప్టెన్‌గా విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు ఎన్నికయ్యారు. క్రికెట్ లోకం ఆయన్ని 'విజ్జీ' అంటుంది. ఆయనా తెలుగు నేల రాజకుమారుడే. ఆటకు ఆయన చేసిన సేవ తక్కువది కాదు. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాళ్లను తన ఖర్చుతో మన దేశానికి రప్పించి ఆడించారు. యూనివర్సిటీల అంతర్ మండల పోటీలో ఇచ్చే విజ్జీ ట్రోఫీ ఆయన పేరు మీదిదే. కానీ పోషకుడు కావడం వేరు, టెస్టు కెప్టెన్ కావడం వేరు. ఆ మూడు టెస్టుల్లో ఆయన చేసిన మొత్తం పరుగులు 33.

నలభై ఏళ్ల నాయుడు ఆ జట్టులో మామూలు సభ్యుడిగా ఆడాల్సి వచ్చింది. జట్టు రెండు ముక్కలయింది. బాగా ఆడుతున్న అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరు చెప్పి టెస్టులు మొదలుకాక ముందే ఇంటికి పంపేశారు. కెప్టెన్ మెప్పు కోసం కొందరు నాయుడితో అమర్యాదగా ప్రవర్తించారని ఆనాటి కథనాలు. తప్పంతా ఒక్క విజ్జీ నెత్తిన పెట్టడం కూడా సరికాదు. నాయుడు గారిది మెత్తని స్వభావం కాదు. చిన్నవాళ్లు ఆయన దగ్గరికి రావడానికే జంకేవారు. సర్దుకుపోవడం ఆయనకు చేతకాని విద్య. అయినా ఒక మాట మిగులుతుంది. ఆట వచ్చినవాడు కింద, హోదా ఉన్నవాడు పైన ఉంటే ఏ జట్టయినా అంతే అవుతుంది. మా పల్లెల్లో ఎద్దుల సంగతి తెలియనివాడి చేతికి నాగలి ఇవ్వరు, వాడు దొర కొడుకైనా సరే.

ఆ అవమానాల నడుమ ఓవల్‌లో చివరి టెస్టు వచ్చింది. గబ్బీ అలెన్ వేసిన వేగపు బంతి ఒంటికి గట్టిగా తగిలింది. నాయుడు పెవిలియన్‌కు పోలేదు. నిలబడి 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, ఆయన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్ కూడా అదే.

హోల్కర్ జట్టు, ఒక బడి

టెస్టు జీవితం అక్కడితో ఆగింది. ప్రపంచ యుద్ధం వచ్చి పదేళ్లు భారత్ టెస్టులే ఆడలేదు. ఇంకొకరైతే బ్యాటు గూటిలో పెట్టి పాత కథలు చెప్పుకుంటూ కూర్చునేవారు. నాయుడు గారి రెండో జీవితం అప్పుడే మొదలయింది. 1941-42 నుంచి 1954-55 దాకా రంజీ ట్రోఫీలో ఉన్న హోల్కర్ జట్టు ఆ పద్నాలుగేళ్లలో పదిసార్లు ఫైనల్ చేరి నాలుగుసార్లు గెలిచింది: 1945-46, 1947-48, 1950-51, 1952-53. ఆ జట్టుకు వెన్నెముక నాయుడు. ముస్తాక్ అలీ, సర్వాతే, జగ్దాలే, నింబాల్కర్, తమ్ముడు సి.ఎస్. నాయుడు... వీళ్లంతా ఆయన చేతి కింద రాటుదేలినవారే. దెబ్బ తగిలితే రుద్దుకోకూడదు, సమయానికి రాకపోతే ఊరుకునేది లేదు. అదొక పట్టాలం.

తమ్ముడి సంగతి ఒకటి చెప్పి తీరాలి. 1944-45 ఫైనల్‌లో బొంబాయి మీద సి.ఎస్. నాయుడు ఒక్క మ్యాచ్‌లో 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు వేశారు. అంత బౌలింగ్ ఒక్క మనిషి చేయగలడా అని ఇప్పుడు చదివితే నమ్మశక్యం కాదు. మరుసటి సీజన్‌లో మైసూరు మీద హోల్కర్ 8 వికెట్లకు 912 పరుగులు చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు సెంచరీలు కొట్టారు. ఆ ఆరుగురిలో యాభై ఏళ్ల కెప్టెన్ కూడా ఒకరు. ఆ వెంటనే బరోడాతో ఫైనల్‌లో ఆయన 200 కొట్టారు. యాభై ఏళ్లకు డబుల్ సెంచరీ! మనలో కొందరికి ఇరవై ఏళ్లకే హాస్టల్ మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం.

1951-52లో బొంబాయి మీద ఆడుతుండగా ఫడ్కర్ వేసిన బంతి నోటికి తగిలి పళ్లు ఊడాయి. వైద్యం వద్దని, పళ్లను పిచ్ మీద నుంచి పక్కకు తోసి, మళ్లీ స్టాన్సు తీసుకున్నారని చెప్తారు. అప్పుడాయన వయసు 56.

చివరి వయసులో ఆయన మన దగ్గరికి వచ్చారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది. ఆ పసి జట్టును నడిపించడానికి వచ్చిన కెప్టెన్ 58 ఏళ్ల నాయుడే. బందరు విడిచిపోయిన ఇంటి మనవడు తాతల నేలకు క్రికెట్ ఓనమాలు దిద్దించడానికి తిరిగొచ్చినట్టయింది. దేశానికి మొదటి కెప్టెన్, ఆంధ్రకూ మొదటి కెప్టెన్ ఒకరే కావడం మనకు గర్వకారణం కాదా?

1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున ఆఖరి రంజీ సీజన్ ఆడారు. రాజస్థాన్ మీద 84 చేస్తూ విను మన్కడ్ బౌలింగ్‌లో రెండు సిక్సర్లు కొట్టారు. మన్కడ్ అంటే ఆ కాలపు ప్రపంచ శ్రేణి ఆల్‌రౌండర్. కొట్టినవారికి అరవై ఒకటి. రంజీలో ఆఖరి ఇన్నింగ్స్ 52. ఆ పైన కూడా 1963-64లో 68 ఏళ్ల వయసులో ఒక సహాయార్థ మ్యాచ్‌లో బ్యాటు పట్టారు. 1916 నుంచి లెక్కిస్తే అది ఆరు దశాబ్దాలను తాకిన ఆట.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

సైన్సు విద్యార్థిని గనుక అంకెలు ఇవ్వకుండా ఉండలేను. ఏడు టెస్టులు, 350 పరుగులు, సగటు 25, వికెట్లు 9. ఫస్ట్‌క్లాస్‌లో 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు.

టెస్టు అంకెలు మాత్రమే చూసినవారు, ఇందులో ఏముంది, ఈ కాలపు కుర్రాళ్లు ఒక్క సీజన్‌లో చేస్తారు కదా అంటారు. కానీ లాబొరేటరీలో మొదటి రోజే మనకు చెప్పే పాఠం ఒకటుంది. కొలతను కొలిచిన పరిస్థితి నుంచి విడదీసి చూడొద్దు. కాగి చల్లారిన నీళ్లలో థర్మామీటర్ ముంచి, ఈ నీళ్లు ఎన్నడూ మరగలేదు అని రికార్డు పుస్తకంలో రాస్తే లెక్చరర్ గారు మార్కులు వేస్తారా? నాయుడికి టెస్టు అవకాశం వచ్చింది 36 ఏళ్లకు. ఇరవై ఒకటి నుంచి ముప్పై అయిదు దాకా, ఒక ఆటగాడి నిండు పంటకాలమంతా, దేశానికి టెస్టులే లేవు. 1932 నుంచి 1936 దాకా, అంటే యుద్ధానికి ముందు, భారత్ ఆడిన టెస్టులన్నీ కలిపి ఏడు. ఆ ఏడింటిలోనూ ఆయన ఉన్నారు. ఇంతకంటే ఎక్కువ ఆడే వీలు ఎవరికీ లేదు. వాన అదునుకు రాకపోతే పంట తగ్గుతుంది. తగ్గినందుకు విత్తనాన్ని తప్పు పట్టరాదు. మా ఇళ్లల్లో చదువు రానివాళ్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

ఆల్‌రౌండర్ అన్న మాట ఆయనకు అన్ని విధాలా తగుతుంది. బ్యాటింగ్‌లో పిడుగు, నెమ్మదైన బంతులతో 400కు పైగా వికెట్లు, కవర్స్‌లో మెరుపు ఫీల్డింగ్. ఆట మానాక సెలెక్టర్‌గా, బోర్డు ఉపాధ్యక్షుడిగా కూడా పనిచేశారు. 1941లోనే ఒక లివర్ టానిక్ ప్రకటనలో ఆయన బొమ్మ వేశారు. వస్తువుల ప్రకటనలకు నిలిచిన తొలి భారత క్రికెటర్ ఆయనేనంటారు. ఇవాళ టీవీలో కనబడే ప్రకటనల వరదకు మొదటి చినుకు అదన్నమాట. 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. క్రికెటర్లలో అది అందుకున్న మొదటివారు ఆయన. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. బోర్డు జీవిత సాఫల్య పురస్కారానికి ఆయన పేరే పెట్టారు. కుమార్తె చంద్ర నాయుడు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు పొంది, తండ్రి జీవితం పుస్తకంగా రాశారు.

నాయుడు గారు దేవుడేం కాదు. కోపిష్టి, మొండి, ఎవరికీ తలవంచని మనిషి. ఆ తలవంచనితనం వల్ల కొంత పోగొట్టుకున్నారు కూడా. కాని రాజుల ఆటలో రాజు కానివాడు, కేవలం తన ఆట బలంతో, రాజులు తప్పుకుని దారి ఇచ్చేదాకా ఎదిగి చూపించారు. ఆ తర్వాత హజారే అయినా, ఉమ్రిగర్ అయినా, రైతు బిడ్డ అయినా, ఆటోవాలా కొడుకు అయినా, జట్టులో చోటు అడగడానికి ముందు తన వంశం చెప్పుకోనక్కర లేకుండా పోయింది. ఇది ఒక్కరోజులో రాలేదు, ఒక్కరే తేలేదు. కానీ లార్డ్స్ మైదానంలో గాయపడిన చేత్తో 40 పరుగులు చేసిన ఆ మధ్యాహ్నానికి అందులో వాటా ఉంది.

మన యూనివర్సిటీ నుంచి ఏటా కొందరు మిత్రులు విజ్జీ ట్రోఫీ సెలెక్షన్లకూ, సి.కె. నాయుడు ట్రోఫీ సెలెక్షన్లకూ పోతుంటారు. తిరిగొచ్చాక ఒకరి ముఖం వెలిగిపోతుంది, ఇంకొకరు నాలుగు రోజులు మెస్సుకు రారు. ఆ రెండో మిత్రుడికి ఈ వ్యాసం. ఈ రెండు ట్రోఫీల పేర్ల వెనక ఉన్న ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. కెప్టెన్సీ ఒకరికి దక్కింది, ఓవల్‌లో 81 ఇంకొకరికి దక్కింది. కెప్టెన్సీ పోయిన మనిషి ఆ తర్వాత ఇరవై ఏళ్లు రంజీ ఆడి, ఆఖరి ఇన్నింగ్స్‌లో కూడా అర్ధ సెంచరీ కొట్టి గానీ బ్యాటు దించలేదు.